తూటాలు ఇంట్లో నింపుకోవాలంటే: ముందు లెక్క, తర్వాతే ప్రెస్

తుపాకీ కాల్చాక పక్కకు ఎగిరిపడే ఇత్తడి తొడుగుల్ని రేంజిలో (గురి చూసి కాల్చడం ప్రాక్టీసు చేసే చోట) చాలామంది పట్టించుకోరు. రీలోడింగ్ అలవాటున్నవాళ్లు మాత్రం వంగి ఒక్కొక్కటీ ఏరుకుంటారు. తూటాలో ఉండేవి నాలుగే వస్తువులు. ఇత్తడి తొడుగు (దీన్ని బ్రాస్ అంటారు), దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల పౌడర్, ముందు బుల్లెట్. కాల్చాక బుల్లెట్ వెళ్లిపోతుంది, పౌడర్ కాలిపోతుంది, ప్రైమర్ పనికిరాకుండా పోతుంది. మిగిలేది బ్రాస్, సాధారణంగా నాలుగింటిలో ఖరీదైనది కూడా అదే. దాన్ని సరిచేసి మిగతా మూడూ కొత్తవి పెట్టుకోవడమే రీలోడింగ్.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో రేంజికి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. రైఫిల్ కొన్న కొత్తలో తూటాల బిల్లు చూసి "ఇంట్లో చేసుకుంటే సగానికి సగం మిగులుతుందట" అని ఎవరో అన్న మాట మీద ఆన్‌లైన్‌లో ప్రెస్ (మీట లాగి బ్రాస్‌ని నొక్కి తూటా తయారుచేసే యంత్రం) ఆర్డర్ పెట్టేస్తారు. అది తలకిందుల పద్ధతి. కింద చెప్పిన వరసలో వెళ్తే, ప్రెస్ అవసరమో కాదో మీకు డబ్బు ఖర్చు పెట్టకముందే తెలిసిపోతుంది.

ముందుగా: మీకు అనుమతి ఉందా?

సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. అమ్మడానికి చేస్తే మాత్రం తయారీదారు లైసెన్స్ కావాలి. "స్నేహితుడికి ఖర్చు మేరకే ఇస్తున్నాను" అనే సర్దుబాట్ల జోలికి పోకండి.

మనవాళ్లు తెలియక ఇరుక్కునే చోటు ఇంకొకటి ఉంది. హెచ్‌1బి, ఎల్‌1, ఎఫ్‌1 లాంటి తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఆ చట్టంలో తూటా అంటే పూర్తిగా తయారైనదే కాదు. బ్రాస్, ప్రైమర్, పౌడర్, బుల్లెట్ విడివిడిగా ఉన్నా అదే లెక్కలోకి వస్తాయి. అంటే "తుపాకీ కొనలేదు కదా, ప్రైమర్ల డబ్బా మాత్రమే తెచ్చాను" అన్నా కుదరదు. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం లాయరుని అడగకుండా అడుగు వేయవద్దు. హాబీ కోసం ఇమిగ్రేషన్ ఫైలుని పణంగా పెట్టడం తెలివైన పని కాదు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు, మీ రాష్ట్రంలో ఏముందో విడిగా చూసుకోండి.

ఇండియాలో సంగతి పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, కాబట్టి అక్కడ ఉన్నవాళ్లు దీన్ని ఆచరణకు కాకుండా తెలుసుకోవడానికి చదవండి. రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే ఊరికి వెళ్లేటప్పుడు వాడకండి. జేబు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ ఎయిర్‌పోర్టు స్కానర్లో కనిపించినా పోలీసు కేసు అవుతుంది. రీలోడింగ్ చేసే ఇంట్లో తూటాలు అన్ని మూలలా దొర్లుతుంటాయి, అందుకే ఈ హాబీకి ఒక బ్యాగు ప్రత్యేకంగా పెట్టుకోండి.

లెక్క ఇలా వేయండి

ఒక కాగితం తీసుకుని నాలుగు అంకెలు రాయండి. బ్రాస్ ధరని అది ఎన్నిసార్లు పనికొస్తుందో దానితో భాగించండి. వెయ్యి ప్రైమర్ల డబ్బా ధరని 1,000తో, వంద బుల్లెట్ల డబ్బా ధరని 100తో భాగించండి. పౌడర్‌కి కొంచెం గుణకారం ఉంది. పౌడర్‌ని గ్రెయిన్లలో తూస్తారు, ఒక పౌండుకి 7,000 గ్రెయిన్లు. పౌండు ధరని 7,000తో భాగించి, తూటాకి ఎన్ని గ్రెయిన్లు పడతాయో దానితో గుణించాలి.

రెండు ఉదాహరణలు చూద్దాం. ధరలు మీ ఊళ్లో వేరుగా ఉంటాయి, గ్రెయిన్ల అంకె కూడా ఖర్చు లెక్క కోసమే. దాన్ని చూసి ఎవరూ తూటా నింపకూడదు.

9 ఎంఎం పిస్టల్ తీసుకోండి. ప్రైమర్లు వెయ్యి 75 డాలర్లయితే ఒక్కోటి 7.5 సెంట్లు. బుల్లెట్లు వంద 11 డాలర్లయితే 11 సెంట్లు. పౌడర్ పౌండు 38 డాలర్లు, తూటాకి 5 గ్రెయిన్లు అనుకుంటే 3 సెంట్ల లోపు. బ్రాస్ రేంజిలో ఏరుకున్నదే కాబట్టి సున్నా. మొత్తం 21 సెంట్ల పైచిలుకు. కొట్లో మామూలు ప్రాక్టీసు తూటా 25 సెంట్లకు దొరికిందనుకోండి, మిగిలింది నాలుగు సెంట్లు. ప్రెస్సూ మిగతా సామానూ కలిపి 400 డాలర్లు పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి 10,000 తూటాలు నింపాలి. నన్నడిగితే 9 ఎంఎం కోసమని రీలోడింగ్ మొదలుపెట్టడం దండగ.

ఇప్పుడు దూరపు టార్గెట్ల మీద కాల్చే .308 రైఫిల్ చూడండి. మంచి బ్రాస్ వంద 90 డాలర్లు, ఎనిమిది సార్లు వాడితే ఒక్కో తూటాకి 11 సెంట్లు. ప్రైమర్ 8. మ్యాచ్ బుల్లెట్ (పోటీల కోసం కచ్చితంగా చేసే రకం) 48. పౌడర్ పౌండు 50 డాలర్లయితే, 42 గ్రెయిన్లకి 30 సెంట్లు. కలిపితే 97 సెంట్లు. అదే నాణ్యత ఉన్న ఫ్యాక్టరీ మ్యాచ్ తూటా 1.80 డాలర్లయితే ఒక్కోదాని మీద 80 సెంట్లకు పైనే మిగులుతుంది. సామానుకి 600 డాలర్లు పెట్టినా 750 తూటాల్లో ఖర్చు తిరిగొచ్చేసింది. .45-70 లాంటి పాతకాలపు రైఫిల్ తూటాలకీ, కొట్లో సరిగా దొరకని రివాల్వర్ తూటాలకీ కూడా లెక్క ఇలాగే మీ వైపు మొగ్గుతుంది.

ఈ కాగితంలో జనం రాయడం మరిచిపోయే ఖర్చు ఒకటుంది. పౌడర్, ప్రైమర్ ఆన్‌లైన్లో తెప్పిస్తే ప్రమాదకర సరుకు రవాణా కింద ఆర్డరుకి విడిగా ఫీజు వేస్తారు. ఒక్క పౌండు పౌడర్ తెప్పించి దానిమీద 30 డాలర్ల ఫీజు కడితే పౌడర్ ధర దాదాపు రెట్టింపయినట్టే. కాబట్టి కొద్దికొద్దిగా అయితే మీ ఊరి కొట్లోనే కొనండి, లేదా పౌడర్, ప్రైమర్లు కలిపి ఏడాదికి సరిపడా ఒకేసారి తెప్పించండి.

మీ గంట జీతాన్ని ఈ లెక్కలో కలపకండి. కలిపితే ఏ హాబీ నిలబడదు, తోటపనితో సహా. కానీ ఆ కూర్చునే గంట మీకు బరువుగా అనిపిస్తే డాలరు మిగిలినా ఇది మీ పని కాదు.

ఇంకో నిజం కూడా ముందే చెప్పుకోవాలి. తూటా చవకైతే తూటాల ఖర్చు తగ్గదు, కాల్చేవి పెరుగుతాయి. నెలకి వంద కాల్చేవాడు రెండొందలు కాలుస్తాడు. నెలాఖరున కార్డు బిల్లు అలాగే ఉంటుంది, గురి మాత్రం మెరుగవుతుంది. "డబ్బు ఆదా" అని ఇంట్లో చెప్పి మొదలుపెట్టినవాళ్లు తర్వాత జవాబు చెప్పుకోలేక అవస్థ పడతారు. మొదటే "ఇది నా సరదా ఖర్చు" అని చెప్పేయడం మేలు.

తూటాలకి కరువొచ్చినప్పుడు ఇది ఆదుకుంటుందా అంటే, కొంతవరకే. 2013లో, మళ్లీ 2020–21లో తూటాలు కొట్లలో మాయమయ్యాయి. ఇంట్లో సరుకున్న రీలోడర్లు కాలుస్తూనే ఉన్నారు, నిజమే. కానీ అప్పుడు ప్రైమర్లు కూడా దొరకలేదు, దొరికినచోట ధర అందనంతగా పెరిగింది. బుల్లెట్ సీసం కరిగించి పోసుకోవచ్చు, బ్రాస్ ఏరుకోవచ్చు, ప్రైమర్ మాత్రం కొనాల్సిందే.

సామాను: తక్కువతో మొదలుపెట్టండి

మొదట కొనాల్సింది ప్రెస్ కాదు, రీలోడింగ్ మాన్యువల్. బుల్లెట్ కంపెనీలు, పౌడర్ కంపెనీలు అచ్చు వేసేవి ఉన్నాయి. పౌడర్ కంపెనీలు తమ వెబ్‌సైట్లలో ఉచితంగా కూడా పెడతాయి. మొదటి అధ్యాయాలు రెండుసార్లు చదవండి. చదువుతుంటే విసుగొస్తే అక్కడే ఆగిపోండి, ఇరవై ముప్పై డాలర్లతో బయటపడ్డారు.

ప్రెస్‌లు మూడు రకాలు. సింగిల్ స్టేజ్‌లో మీట ఒకసారి లాగితే ఒక పని. టరెట్‌లో డైలన్నీ (బ్రాస్‌నీ బుల్లెట్‌నీ కొలతకి నొక్కే అచ్చులు) ఒక తిరిగే పళ్లెం మీద ఉంటాయి. ప్రోగ్రెసివ్‌లో మీట లాగిన ప్రతిసారీ ఒక పూర్తి తూటా బయటికొస్తుంది. డిల్లన్ కంపెనీవి దీనికి బాగా పేరు. కొత్తవాళ్లు వేగానికి ఆశపడి ప్రోగ్రెసివ్ కొంటారు. ఒకేసారి నాలుగు చోట్ల నాలుగు పనులు జరుగుతుంటే ఎక్కడ తేడా వచ్చిందో కంటికి ఆనదు. సింగిల్ స్టేజ్ నెమ్మది, ఆ నెమ్మదే మీకు నేర్పుతుంది. పోత ఇనుముతో చేసిన ప్రెస్ పాతదైనా పర్వాలేదు, సెకండ్‌హ్యాండ్‌లో ధైర్యంగా కొనండి. తెరిచిన పౌడర్ డబ్బా మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకండి, లోపల ఏముందో లేబుల్ మీద నమ్మకం లేదు.

చవకలో కావాలంటే విస్కాన్సిన్‌లోని లీ కంపెనీ సామాను, కొంచెం గట్టిది కావాలంటే ఆర్‌సీబీఎస్, హార్నడీ, లైమన్. ఆర్‌సీబీఎస్ పేరు వెనక కథ నాకిష్టం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మంచి బుల్లెట్లు దొరక్క, కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో తానే బుల్లెట్లు నొక్కే డైలు చేసుకున్నాడు. కొండ ఉడుతల్లాంటి రాక్‌చక్‌లను వేటాడటానికి. రాక్ చక్ బుల్లెట్ స్వేజ్ అన్నదే పొట్టిపేరుగా మిగిలింది.

ప్రెస్‌తో పాటు మీ తూటాకి సరిపోయే డైల సెట్టు, తూకం, దాన్ని సరిచూసే తూకపు బిళ్లలు, పొడవు కొలిచే కాలిపర్, ప్రైమర్ ఎక్కించే పరికరం, బ్రాస్ నిలబెట్టే లోడింగ్ బ్లాక్, గరాటు, కంటి అద్దాలు కావాలి. రైఫిల్ అయితే పొడవు కత్తిరించే ట్రిమ్మర్ తప్పనిసరి. తప్పుగా బిగించిన తూటాని విప్పడానికే చేసిన సుత్తి (బుల్లెట్ పుల్లర్) కూడా కొనండి, అవసరం పడుతుంది. పిస్టల్‌కి కార్బైడ్ డై తీసుకుంటే బ్రాస్‌కి నూనె రాసే పని తప్పుతుంది. అన్నీ కలిపిన స్టార్టర్ కిట్లు మొదటిసారికి సరిపోతాయి.

పౌడర్ ఎంత నిల్వ పెట్టాలి? అమెరికాలో వాడే అగ్నిమాపక నియమావళి ప్రకారం ఇంట్లో పొగరాని పౌడర్ 20 పౌండ్ల వరకు, ప్రైమర్లు 10,000 వరకు మామూలుగా ఉంచుకోవచ్చు, కంపెనీ ఇచ్చిన డబ్బాల్లోనే. పౌడర్‌ని గాజు సీసాలోకో స్టీలు డబ్బాలోకో మార్చకండి. మీ ఊరి నిబంధనలూ, అపార్ట్‌మెంట్ లీజూ ఇంకా కఠినంగా ఉండొచ్చు, చూసుకోండి.

మొదటి యాభై

యాభైకి మించి పెట్టుకోకండి. ఏరుకొచ్చిన బ్రాస్‌ని పళ్లెంలో పోసి బియ్యంలో రాళ్లు ఏరినట్టు వెలుతురులో చూడండి. మూతి దగ్గర చీలిక, అడుగు పైన మెరిసే గీత, నొక్కుకుపోయిన అంచు కనిపిస్తే పక్కన పడేయండి. లోపల అడుగున ఒక రంధ్రం ఉంటే బాక్సర్ రకం, తిరిగి నింపొచ్చు. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డన్ రకం, దాన్ని వదిలేయండి. తమాషా ఏమిటంటే అమెరికాలో అందరూ వాడే బాక్సర్ రకాన్ని కనిపెట్టింది ఇంగ్లీషువాడు, అమెరికావాళ్లకు పనికిరాని బెర్డన్‌ని కనిపెట్టింది అమెరికావాడు.

తర్వాత శుభ్రం చేయాలి. వాల్‌నట్ పొట్టు వేసిన టంబ్లర్‌లో (బ్రాస్‌ని రుద్ది శుభ్రం చేసే యంత్రం) గంటా రెండు గంటలు తిప్పితే మెరుస్తాయి. టంబ్లర్‌ని వంటింట్లో, పిల్లలు తిరిగేచోట పెట్టొద్దు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, ఆ పొడి గాలిలోకి లేస్తుంది. గరాజులో తలుపు తీసి, లేదా బయట. పని చేస్తూ తినడం, తాగడం వద్దు. అయ్యాక చన్నీళ్లతో సబ్బు పెట్టి చేతులు కడుక్కోండి. తరచూ చేసేవాళ్లు ఏటా చేయించుకునే రక్తపరీక్షలో సీసం కూడా చూడమని డాక్టరుని అడగడం మంచిది.

ఇక ప్రెస్. మొదటి డై పాత ప్రైమర్‌ని తోసేసి, కాల్చినప్పుడు ఉబ్బిన బ్రాస్‌ని మళ్లీ కొలతకి నొక్కుతుంది. రైఫిల్ బ్రాస్‌కి ఈ పనిముందు లూబ్రికెంట్ రాయడం మరిస్తే డైలో ఇరుక్కుపోతుంది. ఆపైన పొడవు కొలవండి. .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు. ఎన్నోసార్లు కాల్చిన బ్రాస్ సాగుతుంది, ఎక్కువైతే కత్తిరించాలి. కొత్త ప్రైమర్‌ని అడుగుకి సమంగా, వీలైతే వెంట్రుకవాసి లోపలికి కూర్చోబెట్టండి. వేలితో తడిమి చూడండి, పైకి తగిలితే లాభం లేదు.

పౌడర్ దగ్గర ఆగండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి, టీవీ ఆపండి, ఎవరైనా పలకరించడానికొస్తే పని మధ్యలో వదిలి తర్వాత మళ్లీ మొదటినుంచి చూసుకోండి. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. మాన్యువల్‌లో మీ బుల్లెట్ బరువుకీ, మీ పౌడర్‌కీ రాసిన కనీస మోతాదుతోనే మొదలుపెట్టండి. రేంజిలో పరిచయమైన పెద్దాయన ఎంత మంచివాడైనా ఆయన కాగితం మీద రాసిచ్చిన మోతాదు ఆయన తుపాకీకే. ప్రేమగా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి మాన్యువల్ తెరవండి.

పిస్టల్ తూటాల్లో పౌడర్ చాలా తక్కువ పడుతుంది. కొన్ని పౌడర్లయితే రెండుసార్లు పోసినా బ్రాస్‌లో ఇమిడిపోతాయి, పైకి తెలియదు. అలాంటి తూటా తుపాకీని పగలగొడుతుంది, చేతినీ కంటినీ తీస్తుంది. అందుకే యాభై బ్రాస్‌లనీ బ్లాక్‌లో నిలబెట్టి, పౌడర్ పోశాక టార్చిలైటు వేసి వరసగా లోపలికి చూడాలి. అన్నిటిలో మట్టం ఒకేలా ఉండాలి. ఒకటి ఎత్తుగా ఉన్నా, ఒకటి ఖాళీగా ఉన్నా అనుమానం వచ్చినవి ఒంపేసి మళ్లీ తూచండి. ఈ ఒక్క అలవాటు విషయంలో ఏ రోజూ సర్దుకోకండి.

తర్వాత బుల్లెట్‌ని మాన్యువల్ చెప్పిన పొడవుకి కూర్చోబెట్టి, అవసరమైనవాటికి మూతి బిగించాలి. డబ్బా మీద తేదీ, పౌడర్ పేరు, మోతాదు, బుల్లెట్ బరువు, బ్రాస్ ఎన్నోసారి వాడుతున్నారో రాయండి. రాయని డబ్బా నెల తర్వాత మీకే అనుమానాస్పదంగా కనిపిస్తుంది.

రేంజిలో ఒక్కొక్కటిగా కాల్చండి. చప్పుడు మెత్తగా వచ్చి, తుపాకీ వెనక్కి కొట్టే తన్ను తేలిగ్గా అనిపిస్తే రెండోది కాల్చొద్దు. పౌడర్ లేని తూటాలో ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని గొట్టం మధ్యకు తోసి వదిలేసి ఉండొచ్చు. తుపాకీని ఖాళీ చేసి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూశాకే మిగతా మాట. మీరు నింపినవి మీ తుపాకీలోనే వాడండి, ఇంకొకరికి ఇవ్వొద్దు. రీలోడ్ తూటాలు వాడితే వారంటీ వర్తించదని చాలా తుపాకీ కంపెనీలు రాసే ఉంచుతాయి.

సరదా ఎక్కడుంది

రైఫిల్ తనకంటూ ఒక ఇష్టం ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. ఒకే మోడల్ రెండు తుపాకులు ఒకే తూటాని వేరువేరుగా కాలుస్తాయి. ఫ్యాక్టరీ తూటా అందరికీ సరిపోయేలా కుట్టిన చొక్కా అయితే, మీది మీ కొలతకి కుట్టించుకున్నది. దాన్ని వెతుక్కోవడమే ఆట. మాన్యువల్ హద్దుల్లోనే మోతాదు కొంచెం కొంచెం పెంచుతూ ఒక్కో మోతాదుకి ఐదేసి నింపండి. వంద గజాల దగ్గర కాల్చి టార్గెట్ మీద పడ్డ కన్నాల గుంపు వెడల్పు కొలవండి. బుల్లెట్ వేగం చూపే క్రోనోగ్రాఫ్ ఎవరిదగ్గరైనా ఉంటే అడిగి తీసుకోండి. ప్రతిసారీ ఒక్కటే మార్చండి. మోతాదూ బుల్లెట్ లోతూ రెండూ ఒకేసారి మారిస్తే గుంపు దగ్గరపడినా ఎందుకో తెలియదు.

నోటుబుక్కు పెట్టుకునేవాళ్లకి ఇది పిచ్చి పట్టించే హాబీ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లకి త్వరగా అలవడటానికి కారణం అదే అనుకుంటాను. మార్పు, పరీక్ష, ఫలితం, మళ్లీ మార్పు. కాకపోతే ఇక్కడ ఫలితం కాగితం మీద కన్నంగా కనిపిస్తుంది, మీటింగ్ ఉండదు.

కొందరికి కాల్చడం కన్నా బల్ల దగ్గర కూర్చోవడమే ఇష్టం. వాళ్లని చూసి నవ్వకండి. వారమంతా స్క్రీన్ ముందు గడిపినవాడికి ఒక సాయంత్రం చేత్తో, కంటితో చేసే పని, ఆఖర్న లెక్కపెట్టుకోవడానికి యాభై మెరిసే వస్తువులు. తాతల కాలం నాటి రివాల్వర్‌కి మెత్తటి మోతాదు తూటాలు చేసి కొత్తగా నేర్చుకునేవాళ్లకి భయం పోగొట్టడం కూడా మాన్యువల్ హద్దుల్లో చేసుకోగల సరదానే. తన్ను తక్కువైతే టెన్షన్ తగ్గుతుంది, గురి కుదురుతుంది.

బ్రాస్ ఏరుకునే ముందు రేంజివాళ్లని అడగండి. నేల మీద పడింది తమదేనని కొన్ని రేంజిల నియమం.

ఉద్యోగం మారి రాష్ట్రం మారాల్సి వస్తే ఈ సరుకు గురించి నెల ముందే ఆలోచించండి. ఇల్లు సర్దే కంపెనీలు పౌడర్, ప్రైమర్లు ఎక్కించుకోవు. పోస్టులో పంపకూడదు, విమానంలో పౌడర్ గానీ ప్రైమర్లు గానీ ఏ బ్యాగులోనూ తీసుకెళ్లకూడదు. అసలు డబ్బాల్లోనే, నియమాలు ఒప్పుకున్నంత మేరకు సొంత కారులో తీసుకెళ్లండి. వెళ్లే రాష్ట్రం చట్టాలు, దారిలో తగిలే రాష్ట్రాల చట్టాలు ముందే చూసుకోండి. తేలకపోతే, చట్టప్రకారం ఉంచుకోగల స్నేహితుడికి సీలు తీయని డబ్బాలు ఇచ్చేయండి. ప్రెస్‌కీ డైలకీ ఈ గొడవ లేదు, మామూలు ఇనుప సామానే, ట్రక్కులో వేసేయొచ్చు.